పెరటి కుక్క, పెంకి చేష్టలు



నా గొంతు వినగానే మీరు నారుమడి సంగతో, మినుముకు పట్టే పల్లాకు తెగులు సంగతో చెబుతాననుకొని వుంటారు. ఈ పూట ఆ రెండూ కాదు. కుక్క సంగతి చెబుతాను. నవ్వకండి. నవ్వు వచ్చే సంగతులు కొన్ని వున్నాయి, నవ్వు రానివి కూడా వున్నాయి.

దీనికంతటికీ కారణం ఒక ముసలమ్మగారు. ఆ మధ్య కార్తీకంలో శ్రీకాకుళంలో రైతులతో సమావేశం పెట్టాము. శ్రీకాకుళం అనగానే ఉత్తరాన వున్న జిల్లా అనుకునేరు. నేను చెప్పేది మన కృష్ణాజిల్లాలో, ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున వున్న వూరు. ఆంధ్ర మహావిష్ణువు గుడి వున్న వూరు. ఆ స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం చెప్పమన్నాడని కృష్ణదేవరాయలవారు ఆముక్తమాల్యద పీఠికలోనే చెప్పుకున్నారు. అటువంటి చోట నిలబడి, వరికోతకు ముందు చేలో మినుము యెలా చల్లుకోవాలో చెబుతున్నాను. అంతా అయిన తర్వాత వెనకనుంచి ఆ అమ్మ లేచింది.

"బాబూ, మినుము సంగతి మావాళ్లకు తెలుసుగానీ, మా యింట్లో కుక్కపిల్ల రోజుకో చెప్పు కొరికి పారేస్తోంది. దానికేమన్నా మందుందా?" అన్నది.

సభ అంతా గొల్లుమన్నది. "నేను వ్యవసాయం డిప్లొమా చదివినవాణ్ణి మామ్మగారూ, పశువుల డాక్టరుగారిని అడగండి" అన్నాను. "డాక్టరు జబ్బుకు మందిస్తాడు నాయనా. దానికి జబ్బేం లేదు, పెంకితనం" అన్నదామె. నా దగ్గర జవాబు లేకపోయింది.

నిజానికి జవాబు వున్నది. మా యింట్లోనూ ఒక కుక్క వుంది. పేరు సింగడు. దాని మూలంగా నేను నేర్చుకున్నది తక్కువేమీ కాదు. అయితే ఆ నేర్చుకోవడంలో మరొకరి బిడ్డకు నొప్పి కలిగింది. అందుకనే పదిమందిలో చెప్పడానికి వెనకాడాను. ఇప్పుడు చెబుతున్నాను.

మొదట ఆ మామ్మగారి చెప్పుల సంగతి తేల్చుకుందాము. ఆ పిల్ల వయస్సు అయిదు నెలలట. కుక్కపిల్లకు పాలపళ్లు 28 వుంటాయి. నాలుగో నెల వచ్చేసరికి అవి వూడడం మొదలుపెట్టి, ఏడో నెల నిండేసరికి 42 గట్టిపళ్లు వస్తాయి. ఆ మూడు నెలలూ చిగుళ్లు సలుపుతూ వుంటాయి. మన పసివాళ్లు పళ్లు వచ్చేటప్పుడు దొరికినదల్లా నోట్లో పెట్టుకోవడం లేదూ? ఇదీ అంతే. మరి చెప్పే యెందుకు? మెత్తగా వుంటుంది, పైపెచ్చు యజమాని కాలి వాసన వుంటుంది. కుక్కకు ఆ వాసన అత్తరుతో సమానం.

కాబట్టి మొదటి పని మనదే. చెప్పులు గూట్లో పెట్టుకోవాలి. రెండవది, కొరకడానికి దానికి సొంతంగా ఒక వస్తువు యివ్వాలి. పాత పంచె పేలిక పేనినట్టు పేని, రెండు గట్టి ముళ్లు వేసి, నీళ్లలో తడిపి యివ్వండి. తడిగుడ్డ చల్లదనానికి చిగుళ్ల సలుపు తగ్గుతుంది. వండిన కోడి యెముకలు మాత్రం వెయ్యవద్దు. అవి పుల్లల్లా చీలి గొంతులోనూ పేగుల్లోనూ గుచ్చుకుంటాయి. మూడవది ముఖ్యమైనది. మామ్మగారి కుక్క చెప్పు నోట కరుచుకోగానే మనవలు ముగ్గురూ కేకలు వేసుకుంటూ పెరడంతా వెంటబడతారట. కుక్కకు అంతకంటే తిరునాళ్ల యేమున్నది? మర్నాడు చెప్పుమీద కోరికతో కాదు, ఆ పరుగు కోసం చెప్పు యెత్తుకుపోతుంది. వెంటబడకుండా, తడిగుడ్డ ముడి చూపించి పిలిచి, చెప్పు వదలగానే ముడి చేతికిచ్చినట్టు నోటికివ్వాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. మూడు జతలు పోయేదాకా మా యింట్లోనూ కుదరలేదు.

ఇంకొక సంగతి. కుక్కపిల్లను తల్లి దగ్గరనుంచి యెనిమిది వారాలు నిండకుండా తీయకూడదు. పిల్లలన్నీ కలిసి ఆడుకునేటప్పుడు ఒకటి గట్టిగా కరిస్తే రెండవది కుయ్యిమని ఆట మానేస్తుంది. యెంత గట్టిగా కరిస్తే యెదుటివాడికి నొప్పి పుడుతుందో దానికి ఆ బడిలోనే తెలుస్తుంది. మా సింగణ్ణి మా చిన్నవాడు కాలవ తూము దగ్గర చూసి చొక్కాలో చుట్టుకొని తెచ్చేనాటికి దానికి నెల కూడా నిండినట్టు లేదు. తల్లి కనబడలేదన్నాడు. వెతికితే కనబడేదేమో, నేనూ వెతకలేదు. అలా వచ్చినది గనుక దాని పంటికి మోతాదు తెలియదు. ఆటకు పట్టుకున్నా చేతిమీద గాటు పడేది. మేము నవ్వుకున్నాము. బుల్లిపళ్లు కదా అనుకున్నాము. ఆ నవ్వుకు తర్వాత వెల కట్టవలసివచ్చింది.

ఇక తవ్వడం. మన లంకల్లో, దివిసీమలో, గుడివాడ పల్లపు చేలల్లో ఎలుక లేని గట్టు లేదు. ఎలుక వున్నచోట కుక్క తవ్వుతుంది. కన్నంలో ఎలుక వాసన తగిలితే ముందుకాళ్లతో మట్టి వెనక్కి విసురుతూ గట్టు సగం కూల్చేస్తుంది. నీరు కట్టిన మడి ఖాళీ అవుతుంది. రైతు కర్ర తీసుకుంటాడు. కుక్క మాత్రం తాను మీ పనే చేస్తున్నాననుకుంటుంది. అది కొంతవరకు నిజమే కూడా. దీన్ని మాన్పించడం కష్టం. నేను మాన్పించలేకపోయాను. చేసినదల్లా యేమంటే, చేలో నీరు వున్న నెలల్లో దాన్ని పొలానికి తాడులేకుండా తీసుకుపోవడం మానుకున్నాను. ఇంటి దగ్గర పెరటిమూల రెండు తట్టల యిసుక పోసి, అందులో అప్పుడప్పుడు ఒక తినుబండారం పాతిపెడుతున్నాను. యెండాకాలం కుక్కలు చల్లదనం కోసం కూడా తవ్వుతాయి. నీడపట్టున నీళ్లు చల్లిన చోటు చూపిస్తే కూరపాదులు బతుకుతాయి.

ఎలుకల మాట వచ్చింది గనుక మా శాఖ తరఫు మాట ఒకటి. సామూహికంగా ఎలుకల మందు పెట్టేటప్పుడు నూకలు 96 భాగాలు, నూనె 2 భాగాలు, జింకు ఫాస్ఫైడు 2 భాగాలు కలిపి పొట్లాలు కట్టమని చెబుతాము. ఆ పొట్లాలు గట్టుమీద పెట్టేవాళ్లు వున్నారు. అలా కాదు. కన్నం లోపలికి తోసి మట్టితో మూయాలి. మర్నాడు చచ్చిన ఎలుకలను యేరి లోతుగా పూడ్చాలి. ఆ రెండు మూడు రోజులు వూళ్లో కుక్కలను కట్టేసుకోవాలి. నూనె వాసనకు కుక్క ఆ నూకలు తింటుంది, ఆ ఎలుకనూ తింటుంది. జింకు ఫాస్ఫైడుకు ప్రత్యేకమైన విరుగుడు లేదు. తిన్నదని అనుమానం రాగానే పశువైద్యుని దగ్గరకు పరుగెత్తాలి, తెల్లవారనిమ్మని కూర్చోకూడదు.

ఇప్పుడు కోళ్ల కథ.

మా పక్కింటి బాబాయిగారికి పది నాటుకోళ్లు వుండేవి. సింగడికి తొమ్మిదో నెలలో ఒకనాడు గోడ సందునుంచి దూరి పెట్టను పట్టుకున్నాడు. పిన్నిగారి కేకకు నేను పరుగెత్తేసరికి కోడి చచ్చివున్నది. కోడి ఖరీదు యిచ్చాను. బాబాయిగారు తీసుకోలేదు, మాట్లాడటం మానేశారు. ఖరీదు తీసుకొని తిట్టినా బాగుండేది.

వూళ్లో తలా ఒక వైద్యం చెప్పారు. చచ్చిన కోడిని కుక్క మెడకు కట్టి కుళ్లిపోయేదాకా వుంచమన్నారొకరు. దూడలకు కట్టినట్టు మెడకు గుదికర్ర వేలాడదీయమన్నారు మరొకరు. నేను చేసిన పని అంతకంటే తెలివైనది కాదు. సాయంత్రం ఆఫీసునుంచి వచ్చేసరికి పెరట్లో ఈకలు కనిపించాయి. సింగణ్ణి పిలిచాను. అది తోక కాళ్లమధ్య పెట్టుకొని, చెవులు వెనక్కివాల్చి, నేలకు ఆనుకుంటూ వచ్చింది. "చూశావా, తప్పు చేశానని దానికే తెలుసు" అని మా యింటావిడతో అని, జాటీతో నాలుగు వేశాను. అంతలో మా అమ్మ లోపలినుంచి వచ్చి, ఆ ఈకలు పొద్దున పిల్లి పట్టిన కొంగవి, కుక్క రోజంతా తన మంచం కిందే పడుకొని వున్నదని చెప్పింది.

ఆ రాత్రి నాకు భారతంలో సరమ జ్ఞాపకం వచ్చింది. నన్నయగారి ఆదిపర్వం మొదట్లోనే వుంటుంది ఆ కథ. జనమేజయుడు సత్రయాగం చేస్తూ వుంటే ఒక కుక్కపిల్ల ఆడుకుంటూ అక్కడికి వస్తుంది. హవిస్సు నాకలేదు, దానివంక చూడనైనా లేదు. రాజుగారి తమ్ముళ్లు దాన్ని కొట్టి తరిమారు. తల్లి సరమ రాజు దగ్గరకు వచ్చి నా బిడ్డ యేం తప్పు చేసిందని అడిగితే, సభలో యెవరి దగ్గరా జవాబు లేదు. అంత పెద్ద యితిహాసం ఒక కుక్కపిల్ల తిన్న అకారణపు దెబ్బతో మొదలైనదని మనం అంతగా పట్టించుకోము.

మరి తప్పు చెయ్యని కుక్క తప్పు చేసినదానిలా యెందుకు ముడుచుకున్నది? దీనికి జవాబు 2009లో వచ్చింది. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు పెంపుడు కుక్కలతో ఒక పరీక్ష చేసింది. తినవద్దని చెప్పిన వస్తువును కుక్క ముందు పెట్టి యజమాని బయటికి వెళ్లాలి. తిరిగివచ్చిన యజమానికి ఒకసారి కుక్క తిన్నదని, ఒకసారి తినలేదని చెబుతారు. ఆ చెప్పినది నిజం కావచ్చు, కాకపోవచ్చు. తేలినదేమంటే, కుక్క ముడుచుకుపోవడానికీ అది తినడానికీ సంబంధం లేదు. యజమాని గద్దించినప్పుడల్లా ముడుచుకుపోయింది. తినకుండా బుద్ధిగా వుండి తిట్లు తిన్న కుక్కలే మరీ యెక్కువగా ముడుచుకున్నాయి. అంటే అది పశ్చాత్తాపం కాదు, మన కోపం చూసి భయం. పొద్దున చేసిన పనికి సాయంత్రం కొడితే ఆ దెబ్బ యెందుకో దానికి తెలియదు. అయ్యగారు సాయంత్రం వస్తే దెబ్బలు పడతాయని మాత్రం తెలుస్తుంది. పిలిస్తే రావడం మానేస్తుంది. పిలిస్తే రాని కుక్కను యింకే విధంగానూ దారిలో పెట్టలేము.

కోళ్ల దగ్గర చివరకు పనిచేసినది యిది. రోజూ పొద్దున అన్నం పెట్టకముందు పది నిమిషాలు సింగణ్ణి పొడుగుపాటి తాడుతో బాబాయిగారి గోడ వెంబడి తీసుకువెళ్లాను. కోళ్లు దూరంగా కనబడగానే దాని చెవులు నిక్కుతాయి. అది దూకకముందే, ఆ చెవులు నిక్కిన క్షణంలోనే, పేరు పెట్టి పిలవాలి. నావైపు తల తిప్పగానే నోట్లో ఒక మెత్తళ్ల ముక్క. ఉప్పు కడిగి ఆరబెట్టిన మెత్తళ్లు, గోరంత ముక్క చాలు. ఆలస్యం పనికిరాదు, తల తిప్పినదీ ముక్క దొరికినదీ ఒకేసారి జరిగినట్టు వుండాలి. ఒకనాడు పది గజాలు, వారం పోయాక తొమ్మిది. దూకితే కొట్టలేదు, వెనక్కి నడిచి దూరం పెంచాను. నెలన్నరకు కోళ్ల మధ్యనుంచి నావంక చూస్తూ నడిచాడు. అయినా యిప్పటికీ కోళ్లూ సింగడూ ఒకేచోట వుంటే నేను కన్ను తియ్యను. గోడసందు కూడా పూడ్చాను, అది ముందే చేయవలసిన పని.

ఇంట్లో అందరిదీ ఒకటే మాట కావాలని కూడా చెబుతారు. మా యింట్లో నేను "ఆగు" అంటాను, మా పిల్లలు "స్టాప్" అంటారు, మా యింటావిడ "ఛీ పో" అంటుంది, మా అమ్మ "రారా నాన్నా" అని పెరుగన్నం పెడుతుంది. కుక్కకు తెలుగూ రాదు ఇంగ్లీషూ రాదు, ధ్వని గుర్తుంటుంది. ఒక పనికి నాలుగు ధ్వనులైతే నాలుగూ వదిలేస్తుంది. మేము అందరం కూర్చొని "ఆగు", "రా", "వద్దు" అని మూడు మాటలు ఖాయం చేసుకున్నాము. మా అమ్మ మాత్రం ఆ తీర్మానానికి ఒప్పుకోలేదు. వంటింటి గడప దగ్గర సింగడి ముష్టి యీనాటికీ నడుస్తోంది.

రాత్రి అరుపులకూ, పగటి విసుగుకూ చాలావరకు గొలుసే కారణం. పొద్దస్తమానం గుంజకు కట్టేసిన కుక్క పిచ్చుక వాలినా అరుస్తుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో దీని గురించే మాట వున్నది. మరీ పొట్టి గొలుసుతోగాని, మోయలేని బరువు గొలుసుతోగాని అదేపనిగా కట్టివుంచడం నేరం. అలవాటుగా కట్టివుంచే కుక్కకు తగినంత నడక, వ్యాయామం కల్పించకపోవడం కూడా నేరమే. చట్టం మాట యెలా వున్నా, పొద్దున అరగంట, సాయంత్రం అరగంట తిప్పిన కుక్క రాత్రి పడుకుంటుంది. వూరికే పడుకుంటే దొంగ వస్తే యెలా అంటారేమో. ప్రతి ఆకు కదలికకూ అరిచే కుక్క అరుపు విని యెవరూ లేవరు. దొంగకు అటువంటి కుక్కే కావాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

సింగడికి యేడాదిన్నర వయస్సులో సైకిళ్ల వెంట పరుగెత్తే అలవాటు పట్టుకున్నది. మొదట నవ్వుకున్నాము. ఈ అలవాటు యెందుకు బలపడుతుందో చూడండి. కదిలిపోయే వస్తువు వెంట పరుగెత్తడం కుక్క పుట్టుకలో వున్నది. సైకిలు వస్తుంది, కుక్క అరుస్తుంది, సైకిలు వెళ్లిపోతుంది. వెళ్లేవాడు తన దారిన తాను వెళ్లాడు. కుక్క మాత్రం తానే తరిమివేశాననుకుంటుంది. రోజుకు పదిసార్లు గెలిచేవాడు ఆట యెందుకు మానుతాడు? దీన్ని మొదటి వారంలోనే తుంచి వుండవలసినది. అప్పుడు నాట్ల రోజులు. తీరిక లేదనుకున్నాను.

ఒకనాడు పొద్దున కాలవగట్టు మీద ఆరో తరగతి చదివే కుర్రవాడు బడికి పోతున్నాడు. సింగడు వెంటబడ్డాడు. పిల్లవాడు బెదిరి కాళ్లు పైకెత్తుకున్నాడు, హ్యాండిలు తిరిగింది, పడ్డాడు. పడ్డవాడి పిక్క మీద సింగడి పన్ను దిగింది. ముందు చెప్పాను గదా, మోతాదు నేర్వని పన్ను.

నేను వెళ్లేసరికి ఒకరు కారం తెమ్మంటున్నారు, ఒకరు సున్నం తెమ్మంటున్నారు, మరొకరు ఫలానా వూళ్లో పసరు పోస్తారంటున్నారు. అవేవీ పనికిరావు, చెడుపు చేస్తాయి. పిల్లవాణ్ణి పంపు దగ్గరకు యెత్తుకుపోయి, బట్టల సబ్బు పెట్టి, ధారగా నీళ్లు పోస్తూ పదిహేను నిమిషాలు కడిగాను. గడియారం చూసి కడిగాను. పదిహేను నిమిషాలు చాలా పొడుగు, యేడ్చే బిడ్డ దగ్గర మరీ పొడుగు. కాని రోగం పురుగు గాయంలోనుంచి నరాల్లోకి యెక్కకముందే కడిగివేయడంలోనే సగం రక్షణ వున్నది. కట్టు కట్టలేదు. అలాగే ఆసుపత్రికి తీసుకువెళ్లాము.

పిల్లవాడి తల్లి దారిపొడుగునా ఒకటే అడిగింది: "బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు వేస్తారా అన్నయ్యగారూ?" అని. ఈ భయం మన పల్లెల్లో యింకా వున్నది, ఈ భయంతోనే దాచిపెట్టేవాళ్లూ వున్నారు. కాబట్టి వివరంగా చెబుతాను. పిచ్చికుక్క కాటుకు మొదటి టీకా 1885 జులై 6న ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ యిప్పించాడు. జోసెఫ్ మీస్టర్ అనే తొమ్మిదేళ్ల కుర్రవాడికి. వాడు బతికాడు. మన దేశంలో 1900లో కసౌలిలో, 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థలు వెలిశాయి. గొర్రె మెదడునుంచి తయారుచేసిన పాత టీకాను పొట్టమీద వరుసగా యిచ్చేవారు. ఆ బాధ అప్పటిది. ఆ టీకాను మన దేశంలో 2004 తర్వాత పూర్తిగా మానేశారు. ఇప్పుడు భుజానికి. కండకు యిచ్చే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజులకు, చర్మంలోకి యిచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులకు. నెత్తురు వచ్చిన గాయమైతే దానితోపాటు గాయంలోకే మరొక మందు, ఇమ్యునోగ్లోబ్యులిన్ అంటారు, అది కూడా వెయ్యాలి. మా పిల్లవాడికి అది వేశారు. కోర్సు మధ్యలో మానకూడదు. లక్షణాలు కనిపించిన తర్వాత రేబిస్‌కు మందు లేదు. చనిపోయేవారిలో నూటికి నలభైమంది పదిహేనేళ్ల లోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

డాక్టరుగారు నన్ను అడిగిన మొదటి మాట: "కుక్కకు టీకా వేయించారా?" అని. వేయించాను. మూడోనెలలో ఒకటి, తర్వాత ఒకటి. యేడాది తిరిగాక వేయించవలసినది వేయించలేదు. రెండు నెలలు దాటిపోయింది. వూళ్లోవాళ్లకు విత్తనశుద్ధి చేసుకోండి, తేదీ దాటనీయకండి అని చెప్పే నేను, నా కుక్క టీకా తేదీ దాటనిచ్చాను. తల వంచుకొని అదే చెప్పాను.

కరిచిన కుక్కను చంపకూడదు, తరిమివేయకూడదు. కట్టివుంచి పది రోజులు చూడాలి. కరిచిననాటికి దాని చొంగలో రోగం వుంటే ఆ పది రోజుల్లో జబ్బుపడుతుంది, చస్తుంది. ఆరోగ్యంగా వుంటే ఆనాటి కాటులో రేబిస్ లేదని అర్థం. అంతవరకు పిల్లవాడి టీకాలు ఆపకూడదు. నేను సింగణ్ణి వసారాలో కట్టాను. పిల్లవాడి తండ్రి రోజూ తెల్లవారగానే పొలం పోతూ మా గుమ్మంలో సైకిలు ఆపేవాడు. లోపలికి వచ్చేవాడు కాదు. "తిన్నదా?" అనేవాడు. "తిన్నది" అనేవాణ్ణి. "నీళ్లు తాగిందా?" "తాగింది." అంతే, వెళ్లిపోయేవాడు. ఆరోనాడు సింగడు అన్నం ముట్టలేదు. ఆ పూట నేను ఆయనకు యేం చెప్పానో నాకే తెలియదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాననే జ్ఞాపకం. పశువైద్యుడు వచ్చి చూసి, మా అమ్మ ముందురోజు రహస్యంగా పెట్టిన పాయసం అజీర్తి చేసిందని తేల్చాడు. సాయంత్రానికి తిన్నది. పదకొండోనాడు ఆయన లోపలికి వచ్చి కూర్చొని మంచినీళ్లు అడిగాడు.

తర్వాత పెద్దలు కూర్చున్నారు. కుక్కను గోనెసంచిలో వేసి యేరు దాటించి లంకలో వదిలిరమ్మన్నారు. వాళ్లను తప్పుపట్టను. కాని యిక్కడ కరిచిన కుక్క అక్కడ కరవదా? అక్కడా పిల్లలున్నారు. పైగా దాన్ని తిండికి, నీళ్లకు మాడేటట్టు వదిలివేయడం 1960 చట్టం ప్రకారం నేరం. 2024 జులై నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ప్రకారం, తన దగ్గరున్న జంతువు మనుషులకు హాని చేయకుండా జాగ్రత్తపడకపోవడం యజమాని నేరం. కుక్క నాది, బాధ్యత నాది. మూడు నెలలు గడువు అడిగాను. ఆ మూడు నెలలూ అది మూతికి చిక్కం, మెడకు తాడు లేకుండా గుమ్మం దాటదని మాట యిచ్చాను.

కోళ్లకు చేసినదే సైకిళ్లకూ చేశాను. నా బావమరిది చేను చివర సైకిలు పట్టుకొని నిలబడేవాడు, తొక్కకుండా. సింగడు వూరకుంటే ముక్క. తర్వాత నడిపించుకుంటూ. తర్వాత నెమ్మదిగా తొక్కుతూ. సింగడు లాగినప్పుడల్లా అతను సైకిలు ఆపి నిలబడేవాడు. పారిపోని సైకిలును తరమడంలో గెలుపు లేదు గదా. మధ్యలో వారంరోజులు సాగినదంతా వెనక్కిపోయింది, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాము. ఆ రోజుల్లోనే పశువుల ఆసుపత్రిలో దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషను కూడా చేయించాను. దానివల్ల సైకిలు జబ్బు పోదు, వూళ్లమీద పడి తిరగడం, మగకుక్కలతో కాట్లాడటం మాత్రం తగ్గింది.

రెండున్నర నెలలు అయిన తర్వాత ఒక సాయంత్రం ఆ పిల్లవాడే తండ్రితోపాటు వచ్చాడు. నేను రమ్మనలేదు. దూరంగా నిలబడి, "మెత్తళ్లు నేను వెయ్యనా మావయ్యా?" అన్నాడు. తండ్రివంక చూశాను. ఆయన సరేనన్నాడు. చిక్కం వున్నది, తాడు నా చేతికి రెండు చుట్లు చుట్టి వున్నది. అయినా నా అరచేతులు చెమట పట్టాయి. పిల్లవాడు సైకిలు దిగి నిలబడి ముక్క విసిరాడు. సింగడు కూర్చొని, చిక్కం సందులోంచి నాలుక చాపి తిన్నాడు. ఆ పిల్లవాడు యిప్పుడు ఆ గట్టుమీదనే బడికి పోతాడు. మా యింటి ముందు వచ్చేసరికి మాత్రం యింకా సైకిలు దిగి నడుస్తాడు. సింగడు కట్టివున్నా దిగుతాడు. ఆ భయం పోగొట్టే తాడూ మెత్తళ్లూ నా దగ్గర లేవు.

పాశ్చర్ టీకా వేయించిన జులై 6వ తేదీని ప్రపంచ జూనోసిస్ దినంగా జరుపుతారు. ఆనాడు పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు రేబిస్ టీకాలు వుచితంగా వేస్తూ వుంటారు. అప్పటికి మనకు నారుమళ్ల పని వుంటుంది, నిజమే. పిల్లల చేతికి కుక్కను యిచ్చి పంపకండి, పెద్దవాళ్లే తీసుకువెళ్లండి. కొత్త మనుషులు, కొత్త కుక్కలు వుంటాయి గనుక తాడు పొట్టిగా పట్టుకోండి. చిక్కం లేకపోతే గుడ్డపేలికతో మూతి వదులుగా కట్టండి, టీకా కాగానే విప్పండి. కార్డు మీద వచ్చే యేడాది తేదీ వ్రాయించుకొని, ఎరువుల బిల్లులు పెట్టుకునే చోటే దాన్నీ పెట్టుకోండి. నేను యిప్పుడు అలాగే పెడుతున్నాను.

మామ్మగారూ, మీ కుక్కపిల్లకు యీ పాటికి ఏడో నెల వచ్చివుంటుంది. చెప్పులు యెలా వున్నాయో ఈసారి మినుము చూడటానికి వచ్చినప్పుడు చెప్పండి. సెలవు.